ఊపిరి తీసుకునే బొగ్గు

నాంపల్లిలో ఓ పాత భవనం పై అంతస్తులో నళిని సోడియం-ఆక్సిజన్ బ్యాటరీల మీద పరిశోధన చేస్తోంది. లోపల ఆక్సిజన్‌ను పట్టుకునే కార్బన్ పొరను కొబ్బరిచిప్పల బొగ్గుతో తానే తయారుచేసింది.

ఆ రోజు చీకటి పడ్డాక బ్యాటరీకి ఆక్సిజన్ పంపే సిలిండర్ కట్టేసింది. ఆక్సిజన్ అందకపోతే బ్యాటరీ ఆగిపోవాలి. ఆగలేదు. గొట్టం పీకేసి మూత బిగించింది. అయినా మీటరు తెరమీద కరెంటు అంకె పెరుగుతూనే ఉంది.

వంగి చూసింది. తాను ఊపిరి పీల్చబోయిన ప్రతిసారీ అంకె ఎగురుతోంది. గాలి మాత్రం తన గుండెల్లోకి రావడం లేదు.

భయంతో వైర్లు తెంపేసింది. తెరమీద అంకె చెరగలేదు. నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉన్నా, గదిలో గాలి పలచబడ్డట్టు దాని చప్పుడు సన్నగిల్లిపోయింది. నళిని బల్ల పక్కనే కూలబడింది. అరవలేక స్టూలును కాలితో తన్నింది.

నేల అదిరిన ఆ చప్పుడుకు వాచ్‌మన్ పోచయ్య పరిగెత్తుకొచ్చాడు. వరండాలోకి తెరుచుకునే తలుపును రెండు చేతులా లాగాడు. అది కొంచెం కదిలి, మళ్ళీ దడాలున మూసుకుంది.

"మేడం! గొళ్ళెం తీసే ఉంది గదా! తలుపు లోపటికి గుంజుతున్నరేంది? జర ఇడువున్రి!"

నళిని గది అవతలి మూల, బల్ల పక్కన నేలమీద పడి ఉంది. తలుపు దగ్గర ఎవరూ లేరు.