ఆఖరి ఫొటోకు దండ

దండ వేసి, రెండడుగులు వెనక్కి జరిగి, కళ్లు మూసుకుని దండం పెట్టాడు ముత్తన్న. కళ్లు తెరిచేసరికి లక్ష్మణ్ తల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం పనే ఇది? ఎవలు ఏయమన్నరు నిన్ను?"

"ఎవలో చెప్పాల్నా? పెద్దమనిషికి ఓ దండ పడాలె గద."

అరబ్బు దేశంలో, అమ్వాజ్ అనే చోట ఆ ఇంటికి రంగులు వేయడానికి ఇద్దరూ నాలుగు రోజులుగా వస్తున్నారు. పని లక్ష్మణ్‌ది. కాయితాలు లేని ముత్తన్న అతని వెంట వస్తాడు. ఉండేది గుదైబియాలో, ఒక్క రూములో ఎనిమిది మంది. సెలవు రోజైన శుక్రవారం ఇంటికి ఫోన్ చెయ్యనిది ముత్తన్న ఒక్కడే. ఆ పూట బట్టలు పిండుకుంటూ కూర్చుంటాడు. ఎవరైనా అడిగితే, "నాకెవలున్నరు?" అంటాడు. అంతకుముందు హిద్ రేవులో పనిచేసిన రోజుల్లో తాగుడు ఉండేది. ఆరేళ్ల కింద పనివాళ్ల లాంచీ సముద్రంలో మునిగిన పొద్దున, తాగి పడుకోబట్టే దాన్ని ఎక్కలేదు. ఆనాటి నుంచి చుక్క ముట్టలేదు.

ఇక ఈ ఇంటి సంగతి. హాలు గోడ నిండా పటాలే. ముసలి దొరసానిది ఇటలీలో ఏదో పాత పట్నం. పేరు ముత్తన్నకు నోరు తిరగలేదు. ఆ పట్నానికి వందల ఏళ్లుగా ఒకరి తర్వాత ఒకరు వచ్చిన బిషప్పులట వాళ్లంతా. ఒకరు పోగానే ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుంటారట. దొరసాని చెప్పినదాంట్లో ఇంతవరకే లక్ష్మణ్ విడమరిచి చెప్పాడు.

ముత్తన్న అంతా విని ఒక్కటే అడిగాడు. "పోయిండనుకున్న బిషప్పు మల్లొస్తేనో? కుర్చీల ఇంకోడు కూసున్నంక?"

"పోయినోడెట్లొస్తడు ముత్తన్నా, నీకేమన్న పిస్సా?" అని నవ్వేశాడు లక్ష్మణ్. ఆ ప్రశ్న దొరసాని దాకా పోనే లేదు.

వరసలో ఆఖరిది రంగుల ఫొటో. దొరసాని రోజూ దాన్ని తుడిచి, ముద్దుపెట్టుకుని, కళ్లొత్తుకునేది. ఈమధ్యే పోయినాయన కాబోలు అనుకున్నాడు ముత్తన్న. నాలుగు రోజులూ తనను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చిన తల్లి. ఉత్త చేతులతో పోబుద్ధి కాలేదు. ఆఖరి రోజు పొద్దున గుదైబియాలో మల్లెదండ కొని, తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు.

"ఆయన ఈమె సొంత తమ్ముడే! ఇప్పుడు కుర్చీల ఉన్న బిషప్పు!" లక్ష్మణ్ తలుపు దిక్కు చూశాడు. "బతికున్నోనికి దండేస్తివి గద ముత్తన్నా!"

ముత్తన్న చెయ్యి దండ దాకా పోనేలేదు, దొరసాని వచ్చేసింది. చూసింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆమెకేం తెలుసు పాపం! వెంటనే తమ్ముడికి వీడియో కాల్ చేసి, దండలో ఉన్న ఆయన ముఖాన్ని ఆయనకే చూపించింది. ఫోన్లో ఆ పెద్దాయన పకపకా నవ్వుతున్నాడు. గోడ మీద దండలో అదే ముఖం.

ముత్తన్నకు భూమి చీలితే బాగుండనిపించింది.

లక్ష్మణ్ మోచేత్తో పొడిచాడు. "గమ్మునుండు. ఆళ్లకెర్క లేదు. సామాన్ సదురు, పోదాం."

గమ్మునుండడం ఎంత దూరం తీసుకుపోతుందో ముత్తన్నకు తెలుసు. సామాన్ల జోలికి పోలేదు.

"చెప్పు లక్ష్మణ్. తప్పైందను. మా దిక్కు సచ్చినోల్లకే ఏస్తరను."

చెప్పక తప్పలేదు లక్ష్మణ్‌కు. దొరసాని ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబగబా దండ తీయబోయింది. ఫోన్లో తమ్ముడే ఆపి, ఏదో అడిగాడు.

"బతికుండంగ దండేస్తే మనిషి నిజంగనే పోతడా అంటుండు," అన్నాడు లక్ష్మణ్.

ముత్తన్న తల దించుకున్నాడు.

"పోడు. సారుకు చెప్పు, భయం లేదు. తింటడు, పంటడు, పొద్దున లేసి పనికి పోతనే ఉంటడు."

"నీకెట్ల తెలుసే?"

ముత్తన్న పటం దగ్గరికి పోయాడు. దండ మెల్లగా తీసి, మళ్లీ ఆ తడిగుడ్డలోనే చుట్టుకున్నాడు.

ఆ లాంచీతో పాటే మునిగిపోయాడనుకుని, ఊళ్లో నాగవ్వ ఆరేళ్లుగా దండ మారుస్తున్నది తన పెనిమిటి ముత్తన్న ఫొటోకే.