వెనక వరుస నవ్వు

మ్యాట్నీ సగంలో ఉండగా హాలు యజమాని వెనక వరుసలోకి వచ్చి ముసలాయన భుజం పట్టుకున్నాడు.

"నవ్వింది చాలు. లే."

ముసలాయన లేచాడు. చీకట్లో కుర్చీలు తడుముకుంటూ తలుపు దాకా నడిచాడు.

"రేపట్నుంచి ఈ ఛాయలకు రాకు. బొమ్మలో ఆ పిల్ల ముందు వాడు కత్తి పారేసి ఏడుస్తుంటే నీకు నవ్వొచ్చిందా? ఆడవాళ్లు వచ్చి నన్ను అడుగుతున్నారు."

ముసలాయన ఒక దణ్ణం పెట్టి మెట్లు దిగాడు.

గేటు మనిషి నసిగాడు. రోజూ టికెట్ కొనుక్కునే వస్తాడని, ఆయన మొదలుపెడితేనే మిగతా జనం అందుకుంటారని.

"బొమ్మలో సరుకుండబట్టి నవ్వుతున్నారోయ్" అన్నాడు యజమాని.

ఆ బొమ్మలో ఒక ముఠా నాయకుడు బట్టలు కుట్టే పిల్లను ప్రేమిస్తాడు. ఆమె కోసం కత్తి వదిలేస్తాడు. నరకడానికి వచ్చిన పాత శత్రువులు పెళ్లిలో ఇరుక్కుపోయి విస్తళ్లు వేస్తారు, నీళ్లు పోస్తారు.

ముసలాయన నవ్వు తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టుండేది. అది వినగానే పక్కవాడికి నవ్వొచ్చేది. వాణ్ణి చూసి వాడి పక్కవాడికి. కాసేపటికి హాలంతా పొట్టలు పట్టుకునేది.

ఆ నవ్వులు చూసే యజమాని తెగించాడు. ముసలాయన్ని గెంటిన మర్నాడే హాలు అమ్మేసి, ఆ బొమ్మను వీడియో క్యాసెట్లుగా ఇళ్లకు అమ్ముకునే హక్కులు కొన్నాడు.

ఉన్న గూడు అమ్ముకుని గాలిలో మేడ కడతావా అని భార్య నెత్తీ నోరూ బాదుకుంది. హాల్లోనే ఇంత నవ్వితే కొంపల్లో దొర్లి దొర్లి నవ్వరా అని బావమరిది వంత పాడాడు.

క్యాసెట్ల కొట్టు తెరిచి రంగు కాగితాలు కట్టారు. తొలిరోజు క్యాసెట్ల కోసం జనం తోసుకున్నారు.

మర్నాటికి ఆ క్యాసెట్లు గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి.

"ఏమయ్యా, నవ్వులన్నీ కత్తిరించి అమ్ముతున్నావా?" అన్నాడు ఒక లారీ డ్రైవరు.

"ఒక్క ముక్క కూడా తియ్యలేదన్నా. అదే బొమ్మ."

"హాల్లో మా ఆవిడకు డొక్కలు నొప్పెట్టాయి. ఇంట్లో ఆవలించింది. నిన్ను నమ్మనా, మా ఆవిణ్ణి నమ్మనా?"

యజమాని ఇంటికెళ్లి తలుపేసుకుని తనే క్యాసెట్ పెట్టాడు. భార్య పక్కన కూర్చుంది. బొమ్మ అయిపోయింది. ఇద్దరూ ఒక్కసారీ నవ్వలేదు.

"నవ్వడానికి ఏముందిందులో? వాడి బతుకు చూస్తే జాలేస్తోంది" అంది భార్య.

యజమానికి అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లూ జనం నవ్వింది బొమ్మకు కాదు.

బావమరిది మాత్రం హుషారుగా ఉన్నాడు. ముసలాయన్ని పట్టుకొచ్చి, ఆ నవ్వు క్యాసెట్ల మీదకు ఎక్కించి మళ్లీ వదులుదామన్నాడు. యజమానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కాళ్లు పట్టుకునైనా తెస్తానన్నాడు.

గేటు మనిషి దారి చూపించాడు. సైకిల్ షాపు పైన ఒంటిగది. ముసలాయన కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి వారమైంది" అంది.

ఒక్క వారం ముందు రాలేకపోయానే అనుకున్నాడు యజమాని. అయ్యో అనడం ఆ తర్వాత గుర్తొచ్చింది.

అయినా ఆశ చావలేదు. ఎవరి పెళ్లి వీడియోలోనైనా ఆయన నవ్వు ఉందేమో చూడమని బతిమాలాడు.

"మీరు ఇల్లు పొరబడ్డట్టున్నారు. మా నాన్న నవ్వడమేంటి?"

గేటు మనిషి ముందుకొచ్చి అంతా చెప్పాడు. రోజూ మ్యాట్నీ, వెనక వరుస, ఆ రౌడీ ప్రేమ బొమ్మ, తుప్పు బోరింగు లాంటి ఆ నవ్వు.

ఆమె గడప మీదే కూలబడింది.

"రోజూ మధ్యాహ్నం ఎక్కడికెళ్లేవాడో చెప్పేవాడు కాదు. అదా చూసింది?"

గేటు మనిషి తలూపాడు.

"నాన్న కూడా అమ్మ కోసం ముఠా వదిలేశాడండీ. నేను పాకే రోజుల్లో పాతవాళ్లు ఇంటిమీదకొచ్చారు. విస్తళ్లు వెయ్యడానికి రాలేదు. అమ్మను చంపేశారు, నాన్న మెడ కోశారు."

"మరి ఆ నవ్వు..." అన్నాడు యజమాని.

"నేనెన్నడూ ఆయన నవ్వు వినలేదండీ, ఆ గొంతు తెగిన నాటి నుంచీ మా నాన్న ఏడుపే అలా ఉండేది."