ఆరు మలుపులు

ఆ సాయంత్రం కూడా చూపులేని ముసలాయన, అమ్మ చెయ్యి పట్టుకునే వచ్చాడు.

మిషన్ దగ్గర కుడుతున్న కూతురికి ఒళ్లు మండింది.

అసలు అమ్మకే మతిమరుపు. దారులు గుర్తుపెట్టుకోవడానికి మెదడులో ఒక చోటుంటుందట, ఎలుకకైనా మనిషికైనా. అమ్మకు అది వాడిపోతోందని డాక్టరు చెప్పాడు. తనంతట తాను ఇల్లు చేరినన్నాళ్లూ తిరగనివ్వమన్నాడు. తప్పిన రోజున మాత్రం గడప దాటనివ్వొద్దన్నాడు.

అందుకే రోజూ నాలుగింటికి అమ్మ చేతిలో ఒక గుడ్డపీలిక పెట్టి, ఆ రంగు దారపు రీలు తెమ్మని పంపేది. కొట్టు ఆరు మలుపుల అవతల. అమ్మ ఒక్కనాడూ తప్పిపోలేదు. అక్కర్లేని రీళ్లతో డబ్బా నిండిపోయింది. అది చూసుకుని కూతురు ధైర్యం తెచ్చుకునేది.

మూలిగే నక్క మీద తాటిపండులా మధ్యలో ఈయనొకడు. కుర్చీలు అల్లుకు బతికే మనిషి, అమ్మను పట్టుకు వేలాడటమేమిటి?

"పెద్దాయనా, మా అమ్మకే బుర్ర సరిగ్గా లేదు. రేపట్నుంచి ఇంకెవరినైనా తోడు చూసుకోండి."

ఆయన ఏదో చెప్పబోయాడు. అమ్మ ఆయన చెయ్యి గట్టిగా నొక్కింది.

"సరేనమ్మా. అయితే ఆవిణ్ణి కూడా పంపకు," అన్నాడు.

మా అమ్మ సంగతి మీకెందుకని తలుపేసేసింది.

మర్నాడు అమ్మ ఒక్కతే వెళ్లింది. చీకటి పడ్డా రాలేదు.

మూడోరోజు కాలువలో దొరికింది. గుడ్డపీలిక ఇంకా పిడికిట్లోనే ఉంది.

కూతురు ఏడ్చి ఏడ్చి మిషన్ ముట్టుకోవడం మానేసింది.

వారం తర్వాత ముసలాయన వచ్చాడు. కూతురు ఆయన వెనక్కి చూసింది. ఎవరూ లేరు.

ఎవరు తీసుకొచ్చారని అడిగింది.

"నాకెవరు కావాలమ్మా? నలభై ఏళ్లుగా నడిచిన దారే. రోజూ మిషన్ చప్పుడుంటే నీ గుమ్మం తెలిసేది. ఇవాళ ఆ చప్పుడు లేక గుమ్మం ఒక్కటే వెతుక్కున్నాను."

కర్ర పక్కన పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను చెప్పాక మర్నాడు నువ్వు ఆవిణ్ణి పంపవనుకున్నాను. అందుకే రాలేదు."

కూతురికి ఏమీ అర్థం కాలేదు.

"ఆర్నెల్ల కిందట మీ వీధి చివర, ఎటు పోవాలో తెలియక మీ అమ్మ ఏడుస్తోంది. నీకు తెలిస్తే ఇంట్లో పెట్టి తాళం వేస్తావని భయం. చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకుంది," అన్నాడు. "అప్పట్నుంచీ రోజూ కొట్టుకు తీసుకెళ్లి, ఇంటికి తీసుకొచ్చింది నేనేనమ్మా."