భూమి కదలకముందే

తెర మీద హాలు కూలిపోయింది.

ఊరి మీటింగులో అందరూ ముందుకు వంగి చూశారు. న్యూజిలాండ్‌లో ఒటాగో తీరంలోని ఆ చిన్న ఊళ్ళో సగం మందికి పెళ్ళిళ్ళయింది ఆ రాతి హాల్లోనే.

"గట్టి భూకంపం వస్తే ఇంతే. పడగొట్టక తప్పదు," అంది కర్స్టీ. ఇంజనీరుగా ఆమెకు అదే మొదటి పెద్ద పని. కంప్యూటర్లో రాళ్ళను వరస మీద వరసగా పేర్చి హాలు కట్టింది. కింద నేలను ఊపి చూపించింది.

వెనక కుర్చీలో చీజ్ రోల్ తింటున్న పెద్దాయన చెయ్యెత్తాడు.

"అమ్మాయ్, మొదటినుంచీ ఇంకోసారి వెయ్యి."

వేసింది.

"నేల ఇంకా కదల్లేదు కదా? మరి హాలెందుకు ఉలిక్కిపడింది?"

నిజమే. మొదట్లోనే గోడలు చిన్నగా ఎగిరాయి. కర్స్టీ అది చూడకపోలేదు, పట్టించుకోలేదంతే.

"కంప్యూటర్ బొమ్మల్లో అలాంటివి మామూలే, పెద్దాయనా."

"మామూలంటే ఎట్లా? పడేదైతే మొదటి దెబ్బ నేనే వేస్తా. పడనిదాన్ని ఎందుకు కూల్చడం? ఇంకోసారి చూడమ్మా."

దేన్నీ కూల్చనివ్వని పాత కట్టడాల సంఘం వాళ్ళతో ఆమెకు అప్పటికే ప్రాణం విసిగిపోయి ఉంది. ఈయనా ఆ బాపతే అనుకుంది.

"మీకు రాళ్ళ మీదున్న ప్రేమ మనుషుల మీద లేదు!"

నలుగురు చప్పట్లు కొట్టారు. పెద్దాయన మిగిలిన రోల్‌ను కాగితంలో చుట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు.

నెల తిరక్కుండానే హాలు నేలమట్టమైంది.

ఆ చలికాలంలో మరో ఊరి చర్చి లెక్క వేస్తుంటే మళ్ళీ అదే ఉలికిపాటు. ఈసారి పక్కన పెద్ద ఇంజనీరు రాస్ ఉన్నాడు.

"ముందు గోడల సొంత బరువు మోపలేదా, తల్లీ? ఆ రాళ్ళు ఒకదాన్నొకటి పట్టుకునేదే పైనున్న బరువుతో. దాన్ని నెమ్మదిగా మోపి, కుదురుకోనిచ్చి, అప్పుడు ఊపాలి. నువ్వు ఒక్కసారిగా ఎత్తి పడేశావు. ఆ దెబ్బకే పట్టు సడలిపోయింది."

కర్స్టీ పాత హాలు లెక్క బయటికి తీసింది. బరువు మోపింది, కుదురుకోనిచ్చింది, ఊపింది.

హాలు బీటలు వారింది గానీ, నిలబడింది.

ఇప్పుడు నిలబడి ఏం లాభం? అక్కడ కార్లు ఆపుకుంటున్నారు.

సిగ్గుతో చచ్చిపోతూ పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయిన నెల్లో పోయారండీ."

కర్స్టీకి గుమ్మంలోనే ఏడుపొచ్చింది. "ఆ హాలు లెక్క వేసిన ఇంజనీర్ని నేనే. ఆయన చెప్పిందే నిజం. పాత కట్టడాల మీద మోజుతో అడ్డుపడుతున్నారనుకుని, అందరి ముందూ నోటికొచ్చింది అనేశాను."

కూతురు అర్థం కానట్టు చూసింది.

"నాన్నకు మోజా? రాతి గోడ కూలి మీద పడి అమ్మ చనిపోయాక, ఊళ్ళో పాత గోడలన్నీ పరీక్ష చేయించాల్సిందేనని కౌన్సిల్ చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగి, మీకీ పని పుట్టించింది ఆయనే కదండీ!"