గద్ద గూటి దగ్గర ఆవిడ

కాలరు చుట్టూ పూలు కుట్టిన కొత్త కోటు తొడుక్కుని ఆమె భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

ఆయన తలెత్తి చూశాడు.

“టీ అయిందా?” అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా కూర్చుని కుట్టుకున్న కోటది.

ఆమె దర్జీ. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడు చేతికి గడియారం పెట్టుకునేవాళ్లెవరు అంటూ పోయినేడాది షాపు మూసేశాడు. అప్పట్నుంచి గద్దల పిచ్చి పట్టుకుంది. ఊరి చివర, రిజర్వాయరు పక్కనున్న ఎత్తయిన మోడు మీద ఓ గద్దల జంట చలికాలంలో గూడు కడుతుంది. మెడలో బైనాక్యులర్ తగిలించుకుని పొద్దున్నే బస్సెక్కేస్తాడు.

‘పోనీలే, రోజంతా ఇంట్లో కూర్చుని నా ప్రాణం తీసేకంటే నయం’ అనుకునేది.

పక్కింటావిడ గౌను అంచు కుట్టించుకోవడానికి వచ్చి ఆ మాట అనేదాకా.

“వదినా, నిన్న అన్నయ్యని చూశాం. గద్దల సంగతేమో గానీ, పక్కన ఒకావిడ ఉంది. ఇద్దరూ ఒకటే గుసగుసలు!”

మిషను మీద ఆమె కాలు ఆగిపోయింది.

మర్నాడు శాలువా నెత్తిన కప్పుకుని ఆయన వెనకే అదే బస్సెక్కింది. దారిలో ఆయన ఒకసారి వెనక్కి తిరిగి, సూటిగా ఆమెకేసే చూశాడు. ఆమె శాలువా ముందుకి లాక్కుంది. ఆయన మాత్రం ఏమీ పట్టనట్టు మొహం తిప్పేసుకున్నాడు.

‘ధ్యాసంతా అక్కడుంటే పెళ్లాం ఎక్కడ కనపడుతుంది!’ అనుకుంది పళ్లు కొరుకుతూ.

పంపుహౌసు గోడ చాటు నుంచి చూసింది. బెంచీ మీద ఆవిడ. వయసు తనంతే ఉంటుంది. చెవుల పక్క నెరిసిన జుట్టు, ఎడమ చెంప మీద మచ్చ, కాస్త వంకర పన్ను. కొలతలు తీసుకున్నట్టు నిలువెల్లా చూసేసింది. పెద్ద అందగత్తేం కాదు. అందుకే ఇంకా మండింది.

ఆవిడ బైనాక్యులర్‌లో చూస్తూ, ఆయన చెవి దగ్గరకి వంగి ఏదో చెబుతోంది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, ఉండుండి పకాలున నవ్వుతున్నాడు.

తనతో అలా నవ్వి ఎన్నాళ్లయింది?

ఆ మర్నాడు ఎవరికో కొలతలు తీసుకోవాలని చెప్పి, ఆయనకంటే ముందు బస్సుకే వెళ్లి, బెంచీ మీదున్న ఆవిడ ఎదురుగా నిలబడింది.

“నేను ఆయన భార్యని.”

ఆవిడ మొహం విప్పారింది. “మీరేనా! మీ గురించి రోజూ చెబుతూనే...”

“నా సంసారం జోలికి రాకు.”

ఆవిడ బిత్తరపోయింది. “అయ్యో, మీరేదో పొరబడ్డారు. ఆయన మీకేం చెప్పలేదా?”

“ఏం చెప్పాలి?”

నోటిదాకా వచ్చిన మాటని ఆవిడ మింగేసింది. “అది ఆయన చెప్పాల్సింది. నేను చెప్పకూడదు.”

“సిగ్గు లేకపోతే సరి! ఇంకోసారి ఇక్కడ కనపడ్డావంటే మర్యాద దక్కదు.”

ఆవిడ గూటికేసి ఓసారి చూసింది. “గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాయి. అవి ఎగిరేదాకా మీరైనా ఆయనతో రండి” అని, తిరిగి వెళ్తున్న బస్సు ఎక్కేసింది.

తనే గెలిచాననుకుంది ఆమె.

ఆయన ఆ తర్వాత కొన్నాళ్లు వెళ్లాడు. వెళ్లినంత తొందరగానే తిరిగొచ్చేవాడు. చివరికి వెళ్లడమే మానేసి కిటికీ పక్కన కుర్చీలో కూలబడ్డాడు. ఎందుకని అడిగితే చలి అనేవాడు. తిండి సగంలో వదిలేసి లేచేవాడు.

‘ఆవిడ లేకపోతే ఇంత బెంగా! గద్దల్ని చూడ్డానికి నేను పనికిరానా?’

ఓ పొద్దున కోటు తొడుక్కుంది. “లేవండి. నేనూ వస్తా.”

“నీకెందుకే ఈ చలిలో...” అని నసిగాడు. ఆమె వినలేదు.

బెంచీ మీద కూర్చున్నారు. ఆయన బైనాక్యులర్ కళ్లకి పెట్టుకున్నాడు. అంతలో వాళ్ల తలల మీదుగా గద్ద వచ్చి, ఎదురుగా కంచె స్తంభం మీద వాలింది. గోళ్ల మధ్య చేప ఇంకా కొట్టుకుంటోంది. వంపు ముక్కు, పచ్చటి కన్ను, గాలికి రేగుతున్న మెడ ఈకలు... అన్నీ మామూలు కంటికే కనపడుతున్నాయి. ఆమె ఊపిరి బిగబట్టింది.

ఆయన బైనాక్యులర్ ఖాళీ ఆకాశం వైపే ఉంది.

“రెక్కల చప్పుడైందే. ఎక్కడ వాలింది?” అన్నాడు గుసగుసగా.

ఆమె గద్దని చూసింది. ఆయన్ని చూసింది.

“ఏమండీ, ఇటు చూడండి.”

ఆయన తిరిగాడు. ఆ చూపు ఆమె చెవి పక్కనుంచి ఎటో పోయింది.

“ఎప్పట్నుంచి?” అంది.

“షాపు మూసినప్పట్నుంచి. చూపు నడిమధ్య అంతా మసక. అంచుల్లో కాస్త వెలుతురు. ఇక రాదన్నాడు డాక్టరు. నువ్వు తట్టుకోలేవని...”

“మరి... ఆవిడ?”

“ఓరోజు ఇలాగే ఎటో చూస్తూ కూర్చుంటే, వచ్చి పక్కన కూర్చుంది. ఒక్క ప్రశ్న అడగలేదు. గూట్లో జరుగుతున్నదంతా చెప్పడం మొదలెట్టింది. ఈమధ్య ఎందుకో రావడం లేదు.”

“నేనే తరిమేశానండీ.”

స్తంభం మీది గద్ద లేచి గూటివైపు పోయింది.

“వెతుకుదాం పదండి” అంది ఆమె ఏడుస్తూ. “పేరేంటి? ఎక్కడుంటుంది?”

“అడగలేదు. ఎలా ఉంటుందో ముందు నాకు చెప్పు, నువ్వు చూశావుగా” అన్నాడాయన. “ఆవిడ మొహం నేనెప్పుడూ చూడలేదు.”