చిన్నయ్య మానేశాడు

"మా ఆయన మానేశాడమ్మా. ఇంక రాడు. మీ డాక్టరుగారికి అదే చెప్పు," అంది పుల్లమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

స్నేహలత కదల్లేదు. ఎండ మాడ్చేస్తోంది. రేపల్లె దారిలో బస్సు దిగి, ఆటో దొరక్క, కాలవగట్టు వెంట నడిచి ఈ పల్లెకు చేరింది. కాళ్ళు పీకేస్తున్నాయి.

"ఒక్కసారి బాబాయితో మాట్లాడి వెళ్ళిపోతాను పిన్నీ."

తెనాలి ఆస్పత్రిలో కిడ్నీ జబ్బుకి ఓ కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది. జనం చేరడమైతే చేరారు. నిలవడం దగ్గరే వచ్చింది చిక్కు. ఊరికే రక్తం తీస్తున్నారని కొందరు, పని చెడుతోందని కొందరు జారుకున్నారు. కొత్తగా ఇంకో ఇద్దరు మానేశారు. బాపట్ల జాన్ బాబు, ఈ చిన్నయ్య.

డాక్టర్ బసవేశ్వరరావుగారు ఉన్నమాట చెప్పేశారు. "ఆ ఇద్దరిలో ఒక్కరైనా సోమవారానికి తిరిగి రావాలి. లేకపోతే మందు కంపెనీ మన సెంటరు మూసేస్తుంది. మిగిలినవాళ్ళకి కూడా మందు ఆగిపోతుంది. నా చేతుల్లో ఏం లేదు."

ఆ మాట విన్న దగ్గర్నుంచి స్నేహలతకు ముద్ద దిగలేదు. ఆస్పత్రిలో పేషెంట్ల సంగతి చూసే కీర్తన ఫోన్లు చేసీ చేసీ విసిగిపోయింది. ఇది ఫోన్లతో అయ్యే పని కాదు, మనిషి వెళ్ళాల్సిందే అనుకుంది స్నేహలత.

పొద్దున్నే ముందు బాపట్ల వెళ్ళింది. జాన్ బాబు మంచం మీద ఉన్నాడు. మందు మానేసి నాటువైద్యం పట్టుకున్నాడట. జబ్బు ముదిరి డయాలసిస్‌లో పడ్డాడు. ఇక పరిశోధనకు పనికిరాడు. ఉబ్బిపోయిన అతని మొహం చూడగానే స్నేహలత చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయింది. కాసేపు అతని చెయ్యి పట్టుకుని కూర్చుని లేచి వచ్చేసింది.

ఇక మిగిలింది చిన్నయ్య ఒక్కడే.

"ఎవరే అది?" లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఆస్పత్రి ఆవిడ."

"లోపలికి రానీ. ఎండలో నిలబెడతావేంటి?"

చిన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. వయసంతా పొలం పనుల్లో అరగదీసిన మనిషి. పుల్లమ్మ అయిష్టంగానే గ్లాసు నిండా ఉప్పు మజ్జిగ తెచ్చింది. స్నేహలత రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది.

"ఏం, మా ఇంట్లో తాగరా?"

"అయ్యో, అదేం కాదు పిన్నీ." స్నేహలత గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని మొత్తం తాగేసింది.

పుల్లమ్మ గోడకానుకుని కూర్చుంది. "ఈయన మీద ప్రయోగం చేస్తున్నారని ఊళ్ళో అందరూ అంటున్నారు. నిజమేనా?"

"నిజమే పిన్నీ. ప్రయోగమే."

చిన్నయ్య అందుకున్నాడు. "నాకిచ్చేది అసలు మందో, ఉత్తి బిళ్ళో కూడా మీకు తెలీదంట కదమ్మా?"

"తెలీదు బాబాయ్. డాక్టరుగారిక్కూడా తెలీదు. అంతా అయ్యాకగాని బయటపెట్టరు."

"మరి ఏం చూసుకుని రమ్మంటున్నావు?"

స్నేహలత చూపు అతని కాళ్ళ మీద పడింది. "బిళ్ళలేసుకున్నాక కాళ్ళ వాపేమైనా తగ్గిందా?" అని అడిగింది.

"కొంచెం తగ్గిందనే చెప్పాలి. మానేశాక మళ్ళీ వస్తోంది."

"నిజంగానా? ఎన్నాళ్ళకి తగ్గింది బాబాయ్?" గొంతులో ఆత్రం దాచుకోలేకపోయింది.

"మాటలు చెప్పడం తేలికేనమ్మా," అంది పుల్లమ్మ. "సూదులు పొడిపించుకునేది ఈయన. అంతదూరం పడుతూ లేస్తూ వచ్చేది ఈయన. మీ ఇంట్లో మనిషికైతే ఈ మందు ఇప్పిస్తావా?"

"ఇప్పిస్తాను."

"ప్రభువు మీద ఒట్టేసి చెప్పు."

"ప్రభువు మీద ఒట్టు పిన్నీ."

అంతవరకూ బిగబట్టుకున్నది ఒక్కసారిగా తెగిపోయింది. స్నేహలత చిన్నయ్య మంచం పక్కన నేలమీద కూలబడింది. "మానేసే హక్కు మీకుంది బాబాయ్. ఎవరూ కాదనరు. కానీ మీరు రాకపోతే అందరికీ ఆగిపోతుంది. ఇంకెవరి దగ్గరికెళ్ళాలో నాకు తెలీదు. సోమవారం రండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"లేమ్మా, లే. ఇదేంటి?" చిన్నయ్య కంగారుపడ్డాడు.

పుల్లమ్మ చటుక్కున వచ్చి ఆమెను భుజాలు పట్టుకుని లేపింది. "ఈయన రాకపోతే నీ ఉద్యోగం పోతుందా ఏంటమ్మా?" గొంతు మెత్తబడింది.

స్నేహలత తల అడ్డంగా ఊపింది. కళ్ళు తుడుచుకుంది.

"చూద్దాంలే," అన్నాడు చిన్నయ్య.

రేపల్లెలో తెనాలి బండెక్కి కూర్చున్నా ఆ మాటే చెవుల్లో తిరిగింది. చూద్దాంలే అంటే వస్తాడనా, రాడనా?

సోమవారం ఆస్పత్రి తలుపులు తీయకముందే స్నేహలత వరండాలో ఉంది. గేటు దగ్గర ఆటో ఆగినప్పుడల్లా లేచి చూసింది. డాక్టరుగారు వచ్చి గదిలోకి వెళ్ళిపోయారు. ఎండ వరండాలోకి పాకింది. ఇక రాడు. స్తంభానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఏంటమ్మా, ఇక్కడే కునుకు తీస్తున్నావు?"

పుల్లమ్మ! వెనకాల చెమటలు తుడుచుకుంటూ చిన్నయ్య.

"రైలు తప్పిపోయింది. బస్సులు మారి వచ్చాం. ఈయన నసుగుతుంటే నేనే లాక్కొచ్చా. ఆడమనిషివి అట్టా ఏడ్చి వెళ్ళాక ఎట్టా ఊరుకోను?"

స్నేహలత నవ్వబోయి ఏడ్చేసింది. పుల్లమ్మ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు.

తలుపు తీసుకుని కీర్తన బయటికొచ్చింది. చిన్నయ్యను చూసి మొహం విప్పారింది. "వచ్చారా తాతగారూ! కూర్చోండి, ఇప్పుడే పిలుస్తాను," అని ఇటు తిరిగింది.

"ముందు మీరు రండి స్నేహలతగారూ, రక్తం తీసుకుని ఈ నెల మీరు వేసుకోవాల్సిన బిళ్ళలు ఇచ్చేస్తాను."