లేవని అల్లుడు

సాయంత్రం నాలుగింటికి ఆడపిల్లవాళ్లు చూడ్డానికి వస్తారని తెలిసి కూడా నరేశ్ పొద్దున్నే దుకాణం తెరిచాడు. ఇస్త్రీ ప్యాంటు వేసుకొమ్మని తల్లి భూదేవి నెత్తీనోరూ కొట్టుకుంది. గ్రీజు అంటుతుందని దాన్ని దండెం మీదే వదిలేసి, అన్న పాత ట్రాక్ ప్యాంటు తగిలించుకుని వచ్చాడు.

కురవి రోడ్డు మీద పురుగుమందు పంపులు బాగుచేసే దుకాణం అతనిది.

వచ్చేది పెళ్లికూతురు శిరీష తండ్రి బిక్షపతి. ఆయనకు ఒకటే పట్టింపు. పెద్దమనిషి వస్తే పిల్లగాడు లేచి నిలబడాలి. ఫోను చూసుకుంటూ మంచం దిగనివాణ్ణి ఒకణ్ణి, సగం లేచి మళ్లీ కూలబడ్డవాణ్ణి ఇంకొకణ్ణి ఇప్పటికే వద్దనేశాడు.

"బాపు రాంగనే లేసి నిలబడు. మిగతాది నేను చూసుకుంట" అని శిరీష రాత్రి ఫోన్ చేసి మరీ చెప్పింది. నరేశ్ పదిసార్లు లేచి కూర్చుని సాధన కూడా చేశాడు.

పన్నెండింటికి తండా నుంచి సీతాబాయి పంపుతో ఆటో దిగింది. చేతిలో ఇంజన్ స్టార్ట్ చేసే పిడి, దానికి జానెడు తాడు. మిగతా తాడు తెగి లోపలికి పోయింది.

"తమ్మీ, మిర్చిల తామర పురుగు పడ్డది. గియ్యాల మందు కొట్టకుంటే రేపటికి చేన్ల కట్టెలే మిగుల్తయి."

నరేశ్ దుకాణమంతా వెతికాడు. తాడు లేదు. తాళ్లమ్మే కొట్టు ఆ రోజు బంద్.

"రేపు రా అక్కా."

సీతాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూడలేకపోయాడు నరేశ్. తల గోక్కుని, లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి రెండు మూరల నల్ల తాడుతో బయటికొచ్చాడు. ఒక చెయ్యి నడుం మీదే ఉంది.

"నడుం పట్టిందా తమ్మీ?"

"ఆఁ, జరంత."

మెల్లగా వచ్చి పీట మీద కూర్చున్నాడు. మూత విప్పి, చక్రానికి తాడు చుట్టి, స్ప్రింగు బిగించాడు. చక్రాన్ని బొటనవేలితో అదిమి పట్టుకున్నాడో లేదో, గుమ్మంలో మనిషి నీడ పడింది.

బిక్షపతి! పిల్లగాడు పనిలో ఎట్లా ఉంటాడో చూద్దామని ముందే వచ్చేశాడు.

"దండం మామా" అన్నాడు నరేశ్, కూర్చునే. "చేతిల స్ప్రింగు ఉన్నది. ఇడిస్తే మొఖం మీదికి ఎగుర్తది."

బిక్షపతి మొహం ముడుచుకుంది. అయినా ఓపిక పట్టాడు. మూత పడింది. ఆఖరి మర కూడా బిగిసింది. నరేశ్ లేవలేదు.

"ఇగ అయిపాయె గదా?"

"జర స్టార్ట్ అయితదో లేదో చూడాలె మామా. అక్కా, నువ్వే గుంజు."

"చూసుకో. నేను పోతున్న" అని బిక్షపతి వెనక్కి తిరిగాడు.

నరేశ్ ప్రాణం విలవిల్లాడింది. శిరీష మొహం కళ్లముందు కదిలింది. ఏడుపొక్కటే తక్కువ. అయినా పీట వదల్లేదు.

సీతాబాయి గుంజింది. మూడోసారికి ఇంజన్ బర్రుమని అందుకుంది.

"చూసినవా పెద్దయ్యా!" అని ఆ చప్పుడు మీదే అరిచింది. "మామ వచ్చినా మంత్రి వచ్చినా పని అయ్యేదాంక కదలలే! గిసొంటి పిల్లగాడు ఏడ దొర్కుతడు?"

ఇంజన్ ఆపి, పంపు వీపుకు తగిలించుకుని, నరేశ్‌ను నిండుగా దీవించి వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

బిక్షపతి ఆగిపోయాడు. కాసేపు గడ్డం సవరించుకున్నాడు. తర్వాత ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"నాదే తప్పు బిడ్డా. లేసి నిలబడేటోళ్లు మస్తుమంది దొర్కుతరు. పని ఇడిసి లేవనోణ్ణి నిన్నే చూసిన. నా బిడ్డను నీకే ఇస్త. ఇగ లే అల్లుడా, అలాయ్ బలాయ్ తీసుకుందాం!"

రెండు చేతులూ చాచాడు.

నరేశ్ రెండు చేతులతో నడుం గట్టిగా పట్టుకుని, సీతాబాయి పంపులో చుట్టుకుని తండాకు పోతున్న తన ట్రాక్ ప్యాంటు నాడా కోసం, ఆటో వెళ్లిన దారి వైపు దీనంగా చూశాడు.